కండక్టర్ లేని ఊళ్లో ప్రయాణం

విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర సిటీ బస్సెక్కి ఆటోనగర్ వెళ్లాల్సిన కొత్త మనిషికి దారి తెలియనక్కర్లేదు. ఎక్కేటప్పుడు "ఆటోనగర్ పోద్దా?" అని ఒక మాట, టికెట్ తీసుకునేటప్పుడు "స్టాపొస్తే కాస్త చెప్పండి" అని ఇంకో మాట చాలు. మిగతాదంతా కండక్టర్ చూసుకుంటాడు. చార్జీ ఎంతో ఆయనే చెబుతాడు, మిషన్ నొక్కి టికెట్ చించిస్తాడు, చిల్లర లేకపోతే బాకీని టికెట్ వెనక రాసిస్తాడు, మెట్ల మీద వేలాడేవాళ్లను లోపలికి జరుపుతాడు, పటమట దాటగానే "ఆటోనగర్ వాళ్లు ముందుకు రండి" అని కేకేస్తాడు. ఆయన మరిచిపోయినా పక్క సీటు ఆవిడ మరిచిపోదు.

ఇదే మనిషి లండన్‌లోనో టోక్యోలోనో సింగపూర్‌లోనో దిగినప్పుడు గాభరా పడతాడు. ఊరు పెద్దది, భాష వేరు, భూమి లోపల రైళ్లు అని కారణాలు చెప్పుకుంటారు. అసలు కారణం వీటికంటే చిన్నది. అక్కడ కండక్టర్ ఉండడు. ఆయన చేసే పనులు మాత్రం ఒక్కటీ పోలేదు. చార్జీ లెక్క కార్డుకు, స్టాపు చెప్పే పని బస్సులోని తెరకు, దారి చూపే పని గోడ మీది రంగు గీతకు, తలుపు దగ్గర క్రమశిక్షణ జనం అలవాటుకు పంచేశారు. ఏ పని ఎవరి చేతికి వెళ్లిందో తెలిసినవాడికి ఆ ఊరు సగం తెలిసినట్టే.

గుంటూరు, విజయవాడల నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆరు నెలల విజిటర్ వీసా మీద వెళ్తారు. వారంలో ఐదు రోజులు కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతారు, వీళ్లు కిటికీ దగ్గర కూర్చుని శనివారం కోసం ఎదురుచూస్తారు. కారు తీసేవాళ్లు లేకపోతే కాలు బయటపెట్టలేమనుకుంటారు. బ్రాడీపేట నుంచి బస్సెక్కి, విజయవాడ బీసెంట్ రోడ్డులో పెళ్లి బట్టలు బేరమాడి, సాయంత్రానికి ఒంటరిగా ఇల్లు చేరిన ఆవిడే అక్కడ వీధి చివరి స్టాపు దాకా వెళ్లడానికి జంకుతుంది. ఆ తెలివి ఆవిడ దగ్గర ఇప్పటికీ ఉంది. దాన్ని ఏ మీట దగ్గర వాడాలో ఎవరూ చెప్పలేదంతే.

లండన్‌లోనూ ఒకప్పుడు కండక్టర్లు ఉండేవాళ్లు. 1956లో రోడ్డెక్కిన రూట్‌మాస్టర్ అనే ఎర్ర రెండంతస్తుల బస్సుకు వెనక తలుపే ఉండేది కాదు. జనం వెనక నుంచి ఎక్కుతుంటే కండక్టర్ లోపల తిరుగుతూ టికెట్లు కొట్టేవాడు. 2005 డిసెంబర్ 9న 159వ నంబరు దారిలో ఆ బస్సుల రోజువారీ సర్వీసు ముగిసింది. 2014 జులై 6 నుంచి లండన్ బస్సుల్లో నగదు తీసుకోవడమే మానేశారు. అంటే జేబులో వంద పౌండ్ల నగదున్నా బస్సెక్కడానికి పనికిరాదు. కొత్తగా వెళ్లినవాళ్లకు మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే. కాబట్టి చార్జీ సంగతి కాస్త వివరంగా చూడాలి.

స్టేజీ లెక్క తెలిసినవాళ్లకు

ఆర్టీసీ బస్సులో చార్జీ స్టేజీలను బట్టి ఉంటుంది. ఈ స్టేజీ దాటితే ఇంత, ఆ స్టేజీ దాటితే అంత. ప్రపంచంలో ఏ పెద్ద నగరం తీసుకున్నా చార్జీ వేసే పద్ధతులు ప్రధానంగా రెండే. ఒకటి, ఎంత దూరమైనా ఒకటే ధర. రెండు, దూరాన్ని బట్టి ధర. మన స్టేజీలు రెండో రకం. లండన్ భూగర్భ రైలు జోన్లు కూడా అదే రకం: ఊరి నడిబొడ్డు ఒకటో జోన్, దాని చుట్టూ వలయాలుగా రెండు, మూడు, అలా హీత్రో విమానాశ్రయం ఆరో జోన్‌లో పడుతుంది. సింగపూర్, టోక్యో రైళ్లలో దూరాన్ని ఇంకా సన్నగా కొలుస్తారు. న్యూయార్క్ సబ్‌వేలో మాత్రం ఒక స్టేషన్ వెళ్లినా ముప్పై స్టేషన్లు వెళ్లినా ధర మారదు. పారిస్ ప్రాంతం 2025 జనవరి 1 నుంచి దాదాపు ఇదే దారి పట్టింది. మెట్రో, రైలు టికెట్టు రెండున్నర యూరోలు, బస్సు, ట్రామ్ టికెట్టు రెండు యూరోలు అని అప్పుడు ఖరారు చేశారు. విమానాశ్రయానికి మాత్రం వేరే టికెట్, 2025లో అది 13 యూరోలు.

ఈ తేడా తెలిస్తే పర్యాటకులను తికమక పెట్టే ఒక ప్రశ్నకు జవాబు దానంతటదే వస్తుంది: కార్డు ఎక్కేటప్పుడు మాత్రమే తాకించాలా, దిగేటప్పుడు కూడానా? ధర ఒకటే అయితే ఎక్కడ దిగారో యంత్రానికి తెలియనక్కర్లేదు, ఎక్కేటప్పుడు తాకిస్తే చాలు. ధర దూరాన్ని బట్టి ఉంటే ఎక్కడ దిగారో చెప్పి తీరాలి. లండన్ బస్సు ఎంత దూరమైనా ఒకటే ధర, అందుకే ఒక్కసారే. లండన్ రైలుకు జోన్లున్నాయి, అందుకే రెండుసార్లు. సింగపూర్‌లో బస్సు చార్జీ కూడా దూరాన్ని బట్టే, కాబట్టి బస్సు దిగేటప్పుడు కూడా తాకించాలి. లండన్ అలవాటుతో సింగపూర్ బస్సు దిగిపోయేవాళ్లకు ఆ దారి చివరిదాకా వెళ్లినట్టు లెక్కకట్టి చార్జీ పడుతుంది. ఊరూరికీ నియమాలు బట్టీపట్టే బదులు ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే చాలాచోట్ల సరిపోతుంది.

లండన్‌లో గేట్లున్న స్టేషన్లో పొరపాటు జరగదు, తాకించకపోతే గేటు తెరుచుకోదు. చిక్కంతా గేట్లు లేని స్టేషన్లలోనే. గ్రీనిచ్ చూడటానికి డ్రైవర్ లేని డీఎల్ఆర్ (డాక్‌లాండ్స్ లైట్ రైల్వే) రైలెక్కి వెళ్తారు. ఆ దారిలో చాలా స్టేషన్లకు గేట్లుండవు, స్తంభానికి కార్డు తాకించే పసుపుపచ్చ రీడర్ ఒకటి మౌనంగా ఉంటుంది. జనం వెంట నడిచిపోతే అది కంటపడదు. దిగినట్టు నమోదు కాని ప్రయాణానికి గరిష్ఠ చార్జీ పడుతుంది. మన కండక్టర్ అయితే "టికెట్, టికెట్" అని భుజం తడతాడు. రీడర్ తట్టదు.

అయితే ఈ యంత్రాల లెక్కలో ఒక మంచి గుణం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. లండన్‌లో ఒక రోజులో ఎన్నిసార్లు తిరిగినా చార్జీ ఒక పరిమితి దాటదు. ఆ పరిమితి చేరాక ఎంత తిరిగినా అదనంగా పడదు. 2025లో బస్సు చార్జీ 1.75 పౌండ్లు, బస్సుల్లో మాత్రమే తిరిగితే రోజంతటికీ 5.25 పౌండ్లకు మించి తీసుకోరు. అంటే మూడు బస్సులకు డబ్బు కడితే నాలుగో బస్సు నుంచి ఉచితం. పైగా మొదటి బస్సెక్కిన గంటలోపు ఇంకో బస్సెక్కితే దానికి కూడా డబ్బు పడదు. రోజు పాస్ కొనాలా వద్దా అని ముందే తలపట్టుకోనక్కర్లేదు, యంత్రమే రాత్రికి కూడి తక్కువైన లెక్క వేస్తుంది. టికెట్ వెనక రాసిన చిల్లర బాకీని దిగేముందు గుర్తుచేసి అడగాల్సివచ్చిన ప్రయాణికులకు దీని విలువ తెలుస్తుంది. వారపు పరిమితి కూడా ఉంది గానీ అది సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క. గురువారం దిగి బుధవారం వెళ్లిపోయే పర్యాటకుడికి దానితో ఒరిగేది తక్కువ.

ఉచితమైన ప్రయాణానికి కూడా కార్డు తాకించాలా అని అడుగుతారు. తాకించాలి. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలయ్యాక బస్సెక్కిన ఆడవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. చార్జీ సున్నా అయినా సున్నా టికెట్ చేతిలో ఉండాల్సిందే. లెక్కలోకి రావడం వేరు, డబ్బు కట్టడం వేరు.

ఇక కార్డు. లండన్‌లో బ్యాంకు కార్డునే నేరుగా తాకించే వీలు బస్సుల్లో 2012 డిసెంబర్‌లో, రైళ్లలో 2014 సెప్టెంబర్‌లో వచ్చింది. సింగపూర్, న్యూయార్క్ కూడా ఆ బాట పట్టాయి. కాబట్టి చాలామందికి వేరే ప్రయాణ కార్డు అవసరమే లేదు. కానీ విజయవాడలో బయల్దేరే ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం 2020 నుంచి మన బ్యాంకులు ఇచ్చే కొత్త కార్డుల్లో విదేశీ వాడకం మూసే ఉంటుంది. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి విదేశీ వాడకాన్నీ, తాకించి చెల్లించే సదుపాయాన్నీ విడివిడిగా తెరవాలి. బందరు రోడ్డులో టీకి కూడా ఫోన్‌తో డబ్బు కట్టే అలవాటు లండన్ గేటు ముందు పనిచేయదు, అక్కడ యూపీఐ లేదు. వీసా లేదా మాస్టర్‌కార్డ్ గుర్తున్న బ్యాంకు కార్డు ఉండాలి. ఒక కార్డుతో ఇద్దరు వెళ్లలేరు. భార్యాభర్తలిద్దరికీ రెండు కార్డులు కావాలి. ఇంకో సూక్ష్మం: అదే కార్డును ఫోన్‌లో పెట్టుకుని ఉదయం ఫోన్, సాయంత్రం కార్డు తాకిస్తే యంత్రం వాళ్లను ఇద్దరు మనుషులుగా లెక్కేస్తుంది, రోజు పరిమితి రెండుగా చీలిపోతుంది. పొద్దున ఏది తీశారో రాత్రిదాకా అదే తీయాలి.

మన బ్యాంకు విదేశీ మారకపు రుసుము వేస్తుంది కదా, డబ్బు నింపుకుని వాడే లండన్ ప్రయాణ కార్డు ఆయిస్టరే మేలు కదా అనేవాళ్లుంటారు. 2003లో వచ్చిన ఆ నీలం కార్డు ఇప్పటికీ పనిచేస్తుంది. దాన్ని కొనడానికే తిరిగిరాని రుసుము కట్టాలి, డబ్బు నింపుతూ ఉండాలి. రెండు మూడు రోజుల యాత్రకు బ్యాంకు కార్డే తేలిక. నెలల తరబడి ఉండే తల్లిదండ్రుల చేతిలో మాత్రం ఆయిస్టర్ ఉండటమే మంచిది. అది పోయినా పోయేది అందులోని కొద్ది పౌండ్లే, బ్యాంకు ఖాతా కాదు. పదకొండేళ్లలోపు మనవలు తోడుంటే వాళ్లకు చార్జీ లేదు. అరవై దాటినవాళ్లకు ఇచ్చే ఉచిత కార్డు మాత్రం లండన్ నివాసులకే. మన సీనియర్ సిటిజన్ రాయితీ గుర్తుపెట్టుకుని అడిగితే నిరాశే.

బెర్లిన్ సంగతి వేరు. అక్కడ గేట్లు లేవు, కండక్టర్ లేడు, ఎవరూ ఆపరు. టికెట్ కొని, ఎక్కేముందు యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మామూలు బట్టల్లో వచ్చే తనిఖీవాళ్లు అడిగినప్పుడు ముద్ర లేని టికెట్ చూపిస్తే అది టికెట్ లేనట్టే, 60 యూరోల జరిమానా. ఆర్టీసీ చెకింగ్ స్క్వాడ్ మనకు తెలిసినదే గానీ, మన స్క్వాడ్ వచ్చేసరికి కండక్టర్ టికెట్ కొట్టేసి ఉంటాడు. ముద్ర వేసుకునే బాధ్యత అక్కడ ప్రయాణికుడిదే.

ఎటు పోయే బండి?

పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో ప్లాట్‌ఫాం నంబరు తెలిస్తే దారి తెలిసినట్టే. అక్కడ నిలబడ్డ బస్సు ఆ ఊరికే పోతుంది. భూగర్భ రైల్లో ఒకే గీత మీద రెండు వైపులా బళ్లు పోతాయి కాబట్టి, గీత ఏదో తెలిశాక కూడా ఇంకో ప్రశ్న మిగులుతుంది. ఆ ప్రశ్నకు ఒక్కో నగరం ఒక్కో భాషలో జవాబిస్తుంది. లండన్ దిక్కుల్లో చెబుతుంది, తూర్పు వైపు, పడమర వైపు అని. ఇల్లు చూడగానే తూర్పు ముఖమా ఉత్తర ముఖమా అని అడిగే మనవాళ్లకు ఇది అచ్చొచ్చే పద్ధతి. కాకపోతే నేల లోపల సూర్యుడు కనపడడు, అందుకే గోడ మీది స్టేషన్ల పట్టిక చదవాలి. పారిస్ చివరి స్టేషన్ పేరు చెబుతుంది. తెనాలి వెళ్లాల్సినవాడు ఆ బండి చివరికి ఎక్కడికి పోతుందో తెలుసుకుని ఎక్కినట్టు, అక్కడ దిగాల్సిన చోటు పేరు కాక, గీత కొస పేరు గుర్తుంచుకోవాలి.

టోక్యో చేసిన పని అన్నిటికంటే దయగలది. జపనీస్ అక్షరాలు రానివాళ్ల కోసం 2004లో అక్కడి సబ్‌వే స్టేషన్లన్నిటికీ ఒక అక్షరం, ఒక సంఖ్య ఇచ్చారు. గింజా గీత మీద గింజా స్టేషన్ జి 09. ఇప్పుడున్నది జి 05 అయితే, వచ్చే స్టేషన్ జి 06 అయితే సరైన బండి, జి 04 అయితే ఎదురు బండి. చదువు రాని మనిషి కూడా అంకెలు గుర్తుపట్టి తిరగగలడు. సింగపూర్‌లోనూ ఇలాంటి సంఖ్యలున్నాయి. లిటిల్ ఇండియా ఎన్ఈ 7, చాంగీ విమానాశ్రయం సీజీ 2. ఇంట్లోవాళ్లు అమ్మానాన్నలకు స్టేషన్ల పేర్లు నేర్పే బదులు ఈ సంఖ్యలు కాగితం మీద రాసిస్తే ఎంతో మేలు.

టోక్యోలో అసలు చిక్కు వేరేచోట ఉంది. అక్కడి సబ్‌వే ఒక సంస్థది కాదు. టోక్యో మెట్రోకు తొమ్మిది గీతలు, టోయె సంస్థకు నాలుగు, పైన జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లు వేరే. ఒక సంస్థ రైలు దిగి ఇంకో సంస్థ రైలెక్కితే చార్జీ మళ్లీ మొదటి నుంచి. పటంలో దగ్గర దారిలా కనిపించేది ధరలో ఎక్కువ కావచ్చు. సుయికా లాంటి ప్రయాణ కార్డు అన్నిచోట్లా పనిచేస్తుంది కాబట్టి డబ్బు ఎక్కడ ఎక్కువ పోయిందో తెలియను కూడా తెలియదు. అందుకే అక్కడ ఒక రోజు పాస్ కొనేటప్పుడు అది ఏ సంస్థ రైళ్లకు చెల్లుతుందో చదివి కొనాలి.

ఒకే గీత మధ్యలో రెండుగా చీలడం ఇంకో ఉచ్చు. విజయవాడలో రైలెక్కేవాళ్లకు ఇది బాగా తెలుసు. కృష్ణ దాటాక కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గర ఒక దారి గుంటూరుకు, ఇంకోటి తెనాలికి పోతుంది. వంతెన మీద ఉన్నంతసేపూ ఏ బండైనా ఒకటే అనిపిస్తుంది. లండన్‌లో నార్తర్న్ లైన్ ఊరి మధ్యలో రెండు పాయలుగా పోతుంది, ఒకటి బ్యాంక్ స్టేషన్ మీదుగా, ఒకటి చేరింగ్ క్రాస్ మీదుగా. డిస్ట్రిక్ట్ లైన్‌కు పడమట మూడు నాలుగు కొసలున్నాయి. గీత రంగు చూసి ఎక్కేయకుండా ప్లాట్‌ఫాం మీది తెరలో బండి కొస పేరు చూడాలి. న్యూయార్క్‌లో పాయలతో పాటు వేగాలూ రెండున్నాయి. ఒకే దారిలో ప్రతి స్టేషన్లో ఆగే బండి, పెద్ద స్టేషన్లలోనే ఆగే బండి పక్కపక్కనే పరిగెడతాయి. పల్లెవెలుగు ఎక్కాల్సినవాడు గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కితే మంగళగిరి కిటికీలోంచి చూడాల్సిందే. అక్కడా అంతే.

లండన్ పటం గురించి ఒక మాట. ఇప్పుడు ప్రపంచమంతా అనుకరించే ఆ రంగు గీతల పటాన్ని హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ గీశాడు, 1933లో జనం చేతికి వచ్చింది. కరెంటు సర్క్యూట్ బొమ్మలా గీతలన్నీ నిలువు, అడ్డం, ఏటవాలు. ఏ గీత ఎక్కడ దేన్ని కలుస్తుందో చెప్పడానికి అంత చక్కటి బొమ్మ లేదు. దూరాల విషయంలో మాత్రం దాన్ని నమ్మకూడదు. లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం 260 మీటర్లే. ఆ కాస్త దూరానికి లోతుకు దిగి, రైలుకోసం ఆగి, మళ్లీ పైకి రావడం బీసెంట్ రోడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు బస్సెక్కడం లాంటిది. పైగా కోవెంట్ గార్డెన్‌లో లిఫ్టు దగ్గర వరస ఎక్కువని మెట్లెక్కితే 193 మెట్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది యాత్ర కాదు, శిక్ష. భూగర్భ రైలుపటం పక్కన మామూలు వీధిపటం కూడా పెట్టుకోవాలి.

మోకాళ్ల మాట వచ్చింది కాబట్టి లండన్ భూగర్భ రైలు మెట్ల సంగతీ చెప్పాలి. 1863 జనవరి 10న పాడింగ్టన్, ఫారింగ్డన్ మధ్య మొదలైన రైలు దారి అది. 272 స్టేషన్లున్న ఆ వ్యవస్థలో మెట్లెక్కకుండా వీధి నుంచి ప్లాట్‌ఫాం చేరగలిగేవి మూడింట ఒక వంతే. 2022 మే 24న మొదలైన ఎలిజబెత్ లైన్ దీనికి పూర్తిగా భిన్నం, దాని 41 స్టేషన్లలోనూ వీధి నుంచి ప్లాట్‌ఫాం దాకా మెట్లు లేని దారి ఉంది. హీత్రోలో దిగినవాళ్లకు ఊళ్లోకి మూడు రైలు దారులున్నాయి. పికడిల్లీ లైన్ చౌక, కానీ నెమ్మది, రైలుపెట్టె సన్నం. హీత్రో ఎక్స్‌ప్రెస్ పావుగంటలో పాడింగ్టన్ చేరుస్తుంది, ధర అన్నిటికంటే ఎక్కువ. ఆవకాయ జాడీలతో, అప్పడాల కట్టలతో రెండు పెద్ద సూట్‌కేసులు లాక్కెళ్లే కుటుంబానికి ఈ రెండిటి మధ్యనున్న ఎలిజబెత్ లైనే సరైనది. కొద్ది పౌండ్లు మిగుల్చుకోబోయి నడుము పట్టేయించుకోకూడదు.

బస్సు పక్షాన

పర్యాటకుల కోసం రాసే సలహాలు చాలావరకు భూగర్భ రైలు చుట్టూనే తిరుగుతాయి. మన ఊళ్ల నుంచి వెళ్లే వాళ్లకు, ముఖ్యంగా పెద్దవాళ్లకు, మొదటి వారం బస్సే మేలు. లండన్ బస్సులన్నీ నేలకు దగ్గరగా, చక్రాల కుర్చీ ఎక్కగలిగేలా ఉంటాయి. ధర రైలుకంటే తక్కువ. ప్రతి స్టాపు పేరూ ముందే వినిపిస్తుంది, తెర మీద కనిపిస్తుంది. అంటే కండక్టర్ కేక ఇప్పటికీ ఉంది, గొంతే మారింది. దిగాలంటే స్తంభానికున్న ఎర్ర మీట నొక్కాలి. మనం "హోల్డాన్" అనే చోట అక్కడ ఒక గంట మోగుతుంది. ఎక్కేముందు స్టాపు దగ్గర చెయ్యి చాపితే డ్రైవర్‌కు తెలుస్తుంది. స్టాపు లేని చోట చెయ్యెత్తితే మాత్రం షేర్ ఆటోలా ఆగదు. తప్పు దారిలో వెళ్తున్నట్టు అనిపించినా కిటికీలోంచి ఊరు కనిపిస్తుంది, వచ్చే స్టాపులో దిగిపోవచ్చు. నేల లోపల ఆ ధైర్యం ఉండదు. 15వ నంబరు బస్సు పైఅంతస్తులో ముందు సీటు దొరికితే ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి సెయింట్ పాల్స్ చర్చి పక్కగా టవర్ ఆఫ్ లండన్ దాకా చూసుకుంటూ పోవచ్చు. పర్యాటకుల బస్సుకు ఇచ్చే దాంట్లో చిన్న వంతే ఆ చార్జీ. ఊరి నడిమధ్య బస్సు నత్తలా పోతుందన్న మాట నిజమే. తొందర లేనివాళ్లకు అది నష్టం కాదు.

ఒక పెద్ద కూడలిలో పదీ పదిహేను స్టాపులుంటాయి. బెంజి సర్కిల్‌లో ఏ బస్సు ఏ మూల ఆగుతుందో అలవాటున్నవాడికే తెలుస్తుంది. లండన్‌లో అలాంటి కూడళ్లలో ప్రతి స్టాపు నెత్తిన ఒక అక్షరం రాసి ఉంటుంది. ఫోన్‌లోని పటం కూడా అదే అక్షరం చూపిస్తుంది. రోడ్డు ఏ వైపు నిలబడాలన్నది ఇంకో సంగతి. లండన్, సింగపూర్, టోక్యోలలో బళ్లు మనలాగే ఎడమ పక్కన పోతాయి, కాళ్లకున్న అలవాటు పనికొస్తుంది. పారిస్, బెర్లిన్, న్యూయార్క్, దుబాయ్‌లలో కుడి పక్కన. అక్కడ మన కాళ్లు అలవాటుగా తీసుకెళ్లే స్టాపు ఎదురు దిక్కుకు పోయే బస్సుది. రోడ్డు దాటేటప్పుడు చూసే వైపు కూడా తిరగబడుతుంది. ఇది చిన్న విషయం కాదు, ప్రాణాల మీదికొచ్చే విషయం.

జనం మధ్య నడవడిక సంగతి త్వరగా తేలిపోతుంది. లండన్ ఎస్కలేటర్ మీద నిలబడేవాళ్లు కుడివైపు ఉండాలి, ఎడమ వైపు నడిచేవాళ్లది. దిగేవాళ్లు దిగాకే ఎక్కాలి. ఆడవాళ్ల సీట్లని వేరే ఉండవు, పెద్దవాళ్లకూ గర్భిణులకూ కేటాయించిన సీట్లుంటాయి, అడిగితే లేస్తారు. దుబాయ్ మెట్రోలో ఆడవాళ్లకూ పిల్లలకూ వేరే పెట్టె ఉంది. సింగపూర్ రైల్లో మంచినీళ్లు తాగినా తప్పే, తిన్నా తాగినా 500 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. దారి కోసం కట్టిన పులిహోర స్టేషన్ బయటే తినాలి.

వేళల విషయంలో రెండు మాటలు. లండన్ రైళ్లలో పనిదినాల్లో ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా రద్దీ చార్జీ. టిఫిన్ చేసి తొమ్మిదిన్నర దాటాక బయల్దేరితే ధరా తగ్గుతుంది, కూర్చోవడానికి చోటూ దొరుకుతుంది. శని, ఆదివారాల్లో మరమ్మతుల కోసం ఏదో ఒక గీత మూస్తూనే ఉంటారు. పిల్లలకు సెలవని ఆ రోజుల్లోనే అందరూ కలిసి బయల్దేరతారు కాబట్టి, ఇంట్లో ఉండగానే ఆ రోజు ఏ గీత నడవదో చూసుకోవాలి. రాత్రంతా రైళ్లు నడిచేది న్యూయార్క్‌లో. లండన్‌లో 2016 నుంచి శుక్ర, శనివారాల రాత్రుల్లో కొన్ని గీతలే నడుస్తాయి. మిగతా రోజుల్లో అర్ధరాత్రి దాటితే రాత్రి బస్సులే దిక్కు, వాటిలో చాలావాటికి నంబరు ముందు ఎన్ అక్షరముంటుంది.

ఫోన్ ఉంటే ఇవన్నీ ఎందుకనే ప్రశ్న వస్తుంది. ఫోన్ దారి చెబుతుంది, ఏ గేటులోంచి బయటికి రావాలో కూడా చెబుతుంది. రెండు వందలకు పైగా బయటి దారులున్న షింజుకు స్టేషన్లో అది లేకుండా కష్టమే. కానీ బ్యాటరీ అయిపోతుంది, నేల లోపల సిగ్నల్ పోతుంది, అరవై దాటిన కళ్లకు కదిలే రైల్లో చిన్న అక్షరాలు ఆనవు. పైగా ఫోన్ చెప్పిన దారిలో నడిచినవాడికి ఆ ఊరు అలవాటు కాదు. గోడలు చదవడం నేర్చుకున్నవాడికే అలవాటవుతుంది. అడగడం కూడా మానకూడదు. లండన్ స్టేషన్లలో గేట్ల దగ్గర సిబ్బంది ఉంటారు, ఇంగ్లీషు రాకపోయినా స్టేషన్ పేరు రాసిన కాగితం చూపిస్తే వేలితో దారి చూపిస్తారు. ఈస్ట్‌హామ్ లాంటి పేటల్లో అయితే స్టాపులోనే తెలుగు మాట చెవిన పడుతుంది.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది. అమ్మానాన్నలు దిగిన మొదటి ఆదివారం వాళ్లను కారులో ఊరంతా తిప్పే బదులు, ఇంటి ముందు ఆగే బస్సెక్కించి పది స్టాపులు తీసుకెళ్లి, రోడ్డు దాటించి, ఎదురు స్టాపులో తిరుగు బస్సెక్కించి తీసుకురావాలి. మీట నాన్న నొక్కాలి, కార్డు అమ్మ తాకించాలి, పక్కనున్నవాళ్లు ఏమీ మాట్లాడకూడదు. బుధవారం నాటికి ఆ దారిలో వాళ్లిద్దరే వెళ్లొస్తారు. వెళ్లేముందు ఆవిడ పర్సులో ఒక కాగితం ముక్క ఉంటే చాలు. దాని మీద ఇంటి దగ్గరి స్టాపు పేరు, వెళ్లే వైపు స్టాపు అక్షరం, వచ్చే వైపు స్టాపు అక్షరం, బస్సు నంబరు, కొడుకు ఫోన్ నంబరు, పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.